శనివారం కదలని రేసు బండి

2023లో, వానలు మొదలవడానికి ముందు రోజులవి. తిరుపతి నుంచి చంద్రగిరి దాటి చిత్తూరు వైపు పోయే దారిలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతున్నాను. ఇప్పటికీ అక్కడే చెబుతున్నాను. పిల్లలు నాకు పెట్టిన పేరు మెగ్గర్ మేడం. మెగ్గర్ అంటే కరెంటు తీగ మీది తొడుగు సరిగా ఉందా, కరెంటు ఎక్కడైనా దొంగదారిన బయటికి కారుతోందా అని చూసే మీటరు. ల్యాబ్‌లోకి ఎవరు ఏ మోటారు తెచ్చినా "ముందు మెగ్గర్ పెట్టినారా?" అని అడుగుతాను. పెట్టలేదంటే నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ పేరులో కాస్త భయం, కాస్త వెక్కిరింత ఉన్నాయని తెలిసినా నాకేమీ బాధ లేదు. మా స్టాఫ్ రూములో ఇంతకన్నా చెడ్డ పేర్లున్నవాళ్ళు ఉన్నారు.

ఆ ఏడాది ఫైనలియర్ పిల్లలు కొందరు గుంపుగా నా గదికి వచ్చి, కరెంటుతో నడిచే రేసు కారు చేస్తామన్నారు. ఒక్కరే కూర్చునే బండి. నాలుగు చక్రాలూ బయటికి కనిపిస్తూ నేలకు ఆనుకుని పోయే రకం. కాలేజీ పిల్లలు తామే గీసి, తామే వెల్డింగ్ చేసిన ఇలాంటి బండ్లకు పక్క రాష్ట్రంలో ఒక పోటీ జరుగుతుంది. దానికి నేను గైడుగా ఉండాలట. సరే చూద్దామని కూర్చోబెట్టి అడిగితే, ఇంకా ఒక్క ఇనుప గొట్టం కూడా కొనలేదు కానీ బండికి ఏం పేరు పెట్టాలన్న దాని మీద అప్పటికే రెండు పార్టీలుగా చీలిపోయి వారం రోజులుగా మాట్లాడుకోవడం లేదని తెలిసింది. నాకు ఒళ్ళు మండింది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ వరస" అని తిట్టి పంపేశాను. మర్నాడు వచ్చి, "పేరు తగవు తీరిపోయింది మేడం, సోమలింగం అని ఖాయం చేసుకున్నాము" అన్నారు. అంతటితో నేను గైడునైపోయాను.

ఆ గుంపులో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకడు ఢిల్లీబాబు. తిరుపతిలో తమలపాకుల అంగడి వాళ్ళబ్బాయి. బండి వైరింగ్ అంతా అతనిదే. చెయ్యి ఎంత చురుకో నోరు అంతకు రెండింతలు. రెండో మనిషి హేమావతి. పలమనేరు దగ్గరి పల్లె అమ్మాయి, వాళ్ళకు ఆవులున్నాయి. బండి ఎవరు నడపాలో తేల్చడానికి బస్సుల మైదానంలో కోన్లు నిలబెట్టి, కాలేజీ పాత జీపుతో పిల్లలకు ఒక పరీక్ష పెట్టాను. మగపిల్లలు జీపును అదరగొట్టి కోన్లన్నీ పడగొట్టారు. హేమావతి ఒక్కదాన్నీ తాకలేదు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, "మా నాయన పాల ఆటోను మొగిలి ఘాట్లో నేనే దించుతా ఉంటాను మేడం. క్యాన్లు తొణికితే మా నాయన ఊరుకోడు" అంది. ఆ పిల్లకు అదే ఆఖరి ఏడాది. పోటీలో కాలేజీ పిల్లలకు తప్ప ఇంకెవరికీ చోటు లేదు కాబట్టి, సోమలింగం ఆ ఏడాది ట్రాక్ ఎక్కకపోతే హేమావతి రేసు బండి నడపడమనేది ఇక ఉండదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

బండి చెయ్యడానికి చోటు కావాలి. వర్క్‌షాపులో జాగా లేదన్నారు. చివరికి కాలేజీ బస్సుల షెడ్డులో ఒక మూల అడిగాం. ఆ షెడ్డుకు ఫోర్‌మన్ మునిరత్నం. యాభై దాటిన మనిషి, బస్సులన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తాయి. "బస్సులకే సోటు సాలక అవస్త పడతా ఉంటే ఈ పిల్లకాయల బొమ్మకు యాడిచ్చేది మా?" అని మొదట విసుక్కున్నాడు. తర్వాత వానకు కారని మూల ఏదుందో దాన్నే ఖాళీ చేసి ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన ప్రాణం ఆ బండి మీదే ఉండేది. గొట్టాలు కోసి, వెల్డింగ్ చేసి, చట్రం నిలబడేసరికి రెండు నెలలు దాటింది. చక్రాలు పెట్టిన రోజు పెద్ద పెద్ద బస్సుల మధ్యన అది మేకపిల్లలా ఉంది. మునిరత్నం దాని చుట్టూ తిరిగి, టైరు మీద చెయ్యేసి, "బాగుండాది లే" అన్నాడు. అంతకన్నా ఎక్కువ మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు.

మోటారు తొలిసారి తిప్పిన రోజు తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. బండిని స్టాండ్ల మీదికి ఎత్తి, వెనక చక్రాలు గాలిలో ఉంచి, అందరం చుట్టూ నిలబడ్డాం. ఢిల్లీబాబు స్విచ్ వేశాడు. హేమావతి పెడల్ మీద కాలు పెట్టింది. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, పిల్లలు గంతులేస్తున్నారు. మునిరత్నం మాత్రం చేతులు కట్టుకుని ఎదురు చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి, "ఇంక స్టార్ట్ చెయ్యండప్పా, ఎంతసేపు?" అన్నాడు. స్టార్ట్ చేశాం, తిరుగుతోంది చూడన్నా అంటే నమ్మలేదు. "సద్దు లేకుండా తిరిగేది ఇంజన్ ఎట్లయితాది? అసలు ఇంజన్ యాడుండాది దీనికి?" అని ఢిల్లీబాబును పట్టుకున్నాడు. ఢిల్లీబాబు సీటు వెనక్కి తీసుకుపోయి చూపించాడు. ఇది బ్యాటరీ పెట్టె, ఇది కంట్రోలర్, అంటే బ్యాటరీ కరెంటును మోటారుకు కావలసినంత కొలిచి ఇచ్చేది, ఈ రెండింటినీ కలిపే లావుపాటి నారింజ రంగు కేబుల్ ఇది, ప్రాణమంతా ఇక్కడే అని. మునిరత్నం ఆ కేబుల్‌నూ, అది బ్యాటరీ పెట్టెకు తగులుకునే కనెక్టర్‌నూ శ్రద్ధగా చూసి తల ఊపాడు. ఆ తల ఊపడం మమ్మల్ని ఎంత తిప్పలు పెట్టబోతోందో అప్పుడు మాకు తెలియదు.

నేల మీద పరుగు పెట్టించడానికి మాకు దొరికేది శనివారమే. ఆ రోజు మధ్యాహ్నం నుంచి బస్సుల మైదానం ఖాళీగా ఉంటుంది. గురువారం సాయంత్రమే బ్యాటరీ బిగించి బండిని సిద్ధంగా ఉంచేవాళ్ళం. శుక్రవారం పిల్లలకు పొద్దుట్నుంచి క్లాసులు. మొదటి శనివారం హేమావతి వాళ్ళ నాయన రెడ్డెప్ప పాలకోవా డబ్బాతో వచ్చాడు. కూతురు హెల్మెట్ పెట్టుకుని బండిలో కూర్చుంటే ఆయన మొహం చూడాలి. బండి కదిలింది. నాలుగు బస్సుల పొడుగు పోయిందో లేదో, డ్యాష్ మీద ఎర్ర దీపం వెలిగి ఆగిపోయింది. మళ్ళీ పెట్టాం. మళ్ళీ ఆగింది. చివరికి రెడ్డెప్పే వెనక నుంచి తోసి షెడ్డులోకి చేర్చాడు. "మా ట్రాక్టర్ గూడా ఇట్నే సేస్తాది లే మా, దీనికి బాధపడేదేముండాది" అని నన్నే ఓదార్చాడు.

ఆ ఎర్ర దీపం సంగతి చెప్పాలి. ఈ బండ్లలో బ్యాటరీ కరెంటు మనిషిని చంపగలిగినంత ఉంటుంది. అది ఇనుప చట్రంలోకి కారితే డ్రైవరుకు ప్రమాదం. అందుకని ఇన్సులేషన్ మానిటరింగ్ డివైస్ అని ఒక కాపలా పెట్టె పెడతారు, పొట్టిగా ఐ.ఎం.డి. అంటాం. కరెంటు తీగకూ చట్రానికీ మధ్య ఏ కాస్త దారి ఏర్పడినా అది పసిగట్టి, బ్యాటరీని బండి నుంచి తెంపేసి ఎర్ర దీపం వెలిగిస్తుంది. అంటే మా బండికి ఉన్న జబ్బు ఇన్సులేషన్ జబ్బు. ఊరందరినీ "మెగ్గర్ పెట్టినారా" అని చంపుకుతినే నా బండికే ఇన్సులేషన్ జబ్బు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. స్టాఫ్ రూములో ఒకాయన నా ఎదుటే ఆ సామెత అన్నాడు కూడా.

సోమవారం బ్యాటరీ విప్పి చార్జింగ్‌కు పెట్టి, అన్ని తీగలకూ మెగ్గర్ పెట్టాను. ఎక్కడా లోపం లేదు. స్టాండ్ల మీద తిప్పితే ఎంతసేపైనా తిరుగుతుంది. శనివారం నేల మీదికి దించగానే ఆగిపోతుంది. రెండో శనివారమూ అంతే. కుదుపుకు ఏ తీగో చట్రానికి తగులుతోందని అనుకుని, ఢిల్లీబాబు వైరింగ్ అంతా విప్పి మళ్ళీ కట్టాడు. ఇంతలో కాలేజీ కరస్పాండెంట్ గారు కబురు పెట్టారు. నెలాఖరు శనివారం తానే వచ్చి చూస్తారట. బండి ఆగకుండా తిరిగితే పోటీకి పంపుతారు, లేకపోతే బండిని ల్యాబ్‌లో బొమ్మగా పెట్టుకోమన్నారు. ఆయన తప్పేమీ లేదు, నడవని బండిని లారీ ఎక్కించి ఎవరు పంపుతారు? ఆ కబురు విని పిల్లలందరూ హేమావతి మొహం చూశారు. ఆ పిల్ల మాత్రం స్పానర్ తీసుకుని బండి కింద దూరింది.

కుదుపు సంగతి తేల్చేద్దామని ఒక బుధవారం క్లాసులు మాన్పించి మరీ బండిని దించాను. పొద్దున బ్యాటరీ బిగించి వెంటనే పరుగు పెట్టించాం. బండి ఆగలేదు. మైదానం చుట్టూ, కోన్ల మధ్య, బ్యాటరీ అయిపోయేదాకా తిరిగింది. హేమావతి హెల్మెట్ లోపల నుంచి నవ్వుతూ పాడుతున్న పాట మాకందరికీ వినిపించింది. బండికి చప్పుడు లేదు కదా. ఆ వారం శనివారం మళ్ళీ దించాం. నాలుగు బస్సుల పొడుగు, ఎర్ర దీపం, అంతే.

"మేడం, నేనొక మాట చెప్తా, తిట్టకూడదు" అన్నాడు ఢిల్లీబాబు. "శనివారం స్వామి వారం. ఈ పొద్దు బండికి పని చెప్పడం ఆయనకు ఇష్టం లేదేమో."

"కరెంటుకు వారం వర్జ్యం ఉండవురా. స్వామికి మన బండి తప్ప వేరే పని లేదనుకున్నావా?" అని కసిరాను. పిల్లలు భోజనానికి పోయారు. నేను షెడ్డులో స్టూలు వేసుకుని, బండి వంక గుర్రుగా చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనిపించాయి చీమలు. నేల మీద నుంచి బారుగా వచ్చి, వెనక చక్రం ఎక్కి, చట్రం గొట్టం మీదుగా నారింజ రంగు కేబుల్ పట్టుకుని, నేరుగా బ్యాటరీ కనెక్టర్ మూతిలోకి పోతున్నాయి. కొన్ని బయటికొస్తున్నాయి, వాటి నడకలో మంచి భోజనం చేసిన తృప్తి ఉంది. నా సర్వీసులో కరెంటు తినే చీమలను ఎక్కడా చూడలేదు.

బ్యాటరీని జాగ్రత్తగా ఆపి, చేతులకు రబ్బరు తొడుగులేసుకుని కనెక్టర్ విప్పాను. లోపల చెమ్మ. వేలికి జిగటగా అంటుకుంది. నీళ్ళు రాకుండా కాయాల్సిన రబ్బరు వాషర్ ఒక పక్క నలిగి తప్పుకుని ఉంది. ఆ సందులో చిన్న పీచు ముక్క. వాసన చూశాను. తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని, ఆ వాసన ఏమిటో చెప్పడానికి ఏ ల్యాబూ అక్కర్లేదు. టెంకాయ నీళ్ళు.

తర్వాతంతా ఒకదాని వెంట ఒకటి తేలిపోయింది. టెంకాయ నీళ్ళలో ఉప్పులుంటాయి, కరెంటుకు అవి మంచి దారి. గురువారం బ్యాటరీ బిగిస్తాం. ఆ తర్వాత, శనివారంలోపు, ఎవరో నీళ్ళు పోస్తున్నారు. మూసిన కనెక్టర్‌లో అవి ఆరవు, బండి కుదుపుకు కదిలి చట్రానికి దారి కడతాయి. సోమవారం చార్జింగ్‌కు విప్పితే గాలి తగిలి ఆరిపోతాయి, నా మెగ్గర్‌కు ఏమీ దొరకదు. ఇక మిగిలింది శుక్రవారం. శుక్రవారం మా వైపు బండ్లకు టెంకాయ ఎందుకు కొడతారో ఎవరినీ అడగక్కర్లేదు.

తర్వాతి శుక్రవారం పొద్దున్నే స్కూటర్ తీశాను. మా ఇంటి నుంచి బయల్దేరేసరికి కొండమీద ఘాట్ రోడ్డు దీపాలు ఇంకా ఆరలేదు. షెడ్డుకు చేరేసరికి బస్సులన్నీ స్నానం చేసి, పసుపు కుంకుమ పెట్టించుకుని వరసగా నిలబడి ఉన్నాయి. మునిరత్నం తడి తలతో, ఇత్తడి పళ్ళెంతో, ఒక్కో బస్సు బానెట్ మీద టెంకాయ నీళ్ళు చిలకరించుకుంటూ వస్తున్నాడు. నేను ఒక బస్సు వెనక నిలబడి చూస్తున్నాను. వరస అయిపోయాక ఆయన సోమలింగం దగ్గరికి వచ్చాడు. సంచీలోంచి వేరే టెంకాయ తీశాడు. రాయి మీద కొట్టి, చిప్ప పట్టుకుని సీటు వెనక్కి వంగి, నారింజ రంగు కేబుల్ మీద, సరిగ్గా కనెక్టర్ మీద, ధారగా వంచాడు. "సల్లగా ఉండు నాయనా" అన్నాడు.

"అన్నా!" అని అరిచాను. ఆయన ఉలిక్కిపడలేదు, తీరిగ్గా వెనక్కి తిరిగాడు.

"ఏం చేస్తా ఉండావన్నా?"

"పూజ మా. శుక్రవారం కదా."

"ఆ నీళ్ళు ఆడ యాల పోసినావు?"

"ఇంజన్ ఆడే కదా మా ఉండేది. ఢిల్లీబాబే సూపించినాడు. బస్సుకైతే బానెట్ మీద సల్లుతాను. దీనికి బానెట్ లేదు. అందుకని నేరుగా ఇంజన్ కాడే పోస్తా ఉండా."

"ఎప్పట్నుంచి?"

"టెంకాయ కొట్టేది అది కాళ్ళ మీద నిలబడినప్పట్నుంచీ, ఆడ పోసేది ఢిల్లీబాబు సూపించినప్పట్నుంచీ. బస్సులకు వరసకొక టెంకాయ. దీనికి మాత్రం తనిగా ఒకటి కొడతా ఉండా. సిన్నబిడ్డ కదా మా, అన్నిటితో కలిపి సల్లితే ఏమనుకుంటాది?"

"మాతో ఒక్క మాట చెప్పలేదే?"

"సెప్తే మీరు కర్పూరం ఆర్పేస్తారని ఢిల్లీబాబు అన్నాడు."

ఢిల్లీబాబు అన్నది నిజమే, ఆర్పేసేదాన్నే. బ్యాటరీకి బారెడు దూరంలో హారతి పళ్ళెం చూసి ముందు దాని గురించి ఆయన్ను కడిగేశాను. ఆ ఊపులోనే అసలు సంగతీ చెప్పేశాను. నువ్వు పోసే నీళ్ళు లోపలికి పోయి, కరెంటు చట్రానికి కారి, శనివారం బండి ఆగిపోతోందని. మునిరత్నం పళ్ళెం కింద పెట్టాడు. చేతిలోని చిప్పను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అలాగే పట్టుకుని ఉన్నాడు.

"అయితే ఇన్నాళ్ళూ దీన్ని పోనీకుండా నిలబెట్టింది నేనా మా?"

"అవునన్నా, నువ్వే."

"ఇంక పొయ్యను లే" అని పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన నడక చూస్తే నాకు బాధేసింది. కానీ కొండను తవ్వి ఎలుకను పట్టిన సంతోషంలో ఆ బాధ ఎంతోసేపు నిలవలేదు.

కనెక్టర్ విప్పి, తుడిచి, ఆరబెట్టి మళ్ళీ బిగించాం. పూజ సంగతి దాచినందుకు ఢిల్లీబాబుకు చెవులు మూసుకుపోయేలా చీవాట్లు పడ్డాయి, నీళ్ళు ఎక్కడ పోసేదీ మాత్రం అతనికీ తెలియదట. మర్నాడు శనివారం బండి తిరిగింది. పిల్లలు ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకున్నారు, నాకూ పడ్డాయి. మునిరత్నం మాత్రం ఒక బస్సు కింద పడుకుని ఏదో బిగిస్తూ ఉండిపోయాడు, బయటికి రాలేదు. హేమావతి హెల్మెట్ చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మొహంలో కళ లేదు.

"బండి పరిగెత్తింది కదే, ఏమిటా మొహం?"

"మేడం, పోటీలో రెయిన్ టెస్ట్ ఉండాది కదా."

ఉంది. బండికి కరెంటు ఇచ్చి నిలబెట్టి, పైపుతో వాన పడ్డట్టు నీళ్ళు కొడతారు. ఎర్ర దీపం వెలిగిందంటే ఇక ట్రాక్ మీదికి రానివ్వరు. దాని గురించి చివరి వారంలో చూసుకుందాం అనుకున్నాం.

"ఒక టెంకాయలో ఎన్ని నీళ్ళుంటాయి మేడం, ఒక గ్లాసు. ఆ గ్లాసు నీళ్ళకే నిలబడిపోయే బండి, ఆడ పైపు పెట్టి కొడితే నిలబడకుండా ఉంటాదా? వాళ్ళకు గూడా పొయ్యొద్దని చెప్తామా?"

నేను పగలబడి నవ్వాను. నలిగిన వాషర్ మాది, కనెక్టర్‌ను ఆకాశానికి మూతి పెట్టి బిగించింది మేము. మునిరత్నం వారం వారం మాకు ఉచితంగా రెయిన్ టెస్ట్ పెడుతుంటే, మేము వారం వారం ఫెయిలవుతూ శనివారాన్ని ఆడిపోసుకున్నాం.

"ఇంకొకటి మేడం. మునిరత్నమన్న నిన్నట్నుంచీ అన్నం గూడా సరిగా తినలేదంట" అంది హేమావతి. అది విన్నాక నాకు మళ్ళీ ఆయన చేతిలోని చిప్ప గుర్తొచ్చింది.

ఆ వారం పని ఎలా చేశామో ఆ పిల్లలకే తెలియాలి. కనెక్టర్‌ను తిప్పి మూతి కిందికి పెట్టాం. కొత్త వాషర్, దాని మీద ఒక రేకు గొడుగు. చెంబుతో నీళ్ళు పోసి చూస్తే మెగ్గర్ సూది పడిపోయింది, అంటే కరెంటు ఇంకా కారుతోంది. ఢిల్లీబాబు ఏడుపు మొహం పెట్టాడు. చూస్తే నీళ్ళు పైనుంచి రావడం లేదు, కేబుల్ వెంటే జారుకుంటూ వచ్చి లోపలికి దూరుతున్నాయి. అప్పుడు కేబుల్‌ను కనెక్టర్ కన్నా కిందికి ఊయలలా వంచి, మళ్ళీ పైకి తీసుకొచ్చి బిగించాం. దాన్ని డ్రిప్ లూప్ అంటారు. నీళ్ళు వంపు దగ్గరే బొట్టు బొట్టుగా రాలిపోతాయి, పైకెక్కవు. ఇంటి మీదికొచ్చే సర్వీసు వైరుకు కరెంటోళ్ళు చేసే ఏర్పాటే అది. పరీక్షల్లో ఎన్నిసార్లో అడిగిన ప్రశ్న, బండి మీద ఎవరికీ తోచలేదు.

గురువారం సాయంత్రం మునిరత్నం దగ్గరికి పోయాను. "అన్నా, రేపు శుక్రవారం. టెంకాయ తెచ్చుకో."

"యాల మా, మళ్ళీ నిలబడాల్నా బండి?"

"నిలబడితే తప్పు మాది. నువ్వు పొయ్యాల, నేను చూడాల."

నా మొహంలో వెక్కిరింత లేదని తేల్చుకున్నాక, "సరే మా" అన్నాడు.

శుక్రవారం పొద్దున షెడ్డులో పిల్లలందరూ ఉన్నారు. హారతి పళ్ళానికి ముందు చక్రం అవతల ఒక గీత గీశాను, కర్పూరం దాన్ని దాటకూడదని. బ్యాటరీని ఆపేసి, చేత్తో తిప్పే నా పాతకాలపు మెగ్గర్‌ను కేబుల్‌కూ చట్రానికీ తగిలించి కూర్చున్నాను. మునిరత్నం టెంకాయ కొట్టాడు. భయం భయంగా నాలుగు చుక్కలు వేశాడు.

"ఇంత పిసినారితనమేందన్నా, వారం వారం ఇట్నే పోసినావా?" అన్నాను. పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వాడు. చిప్ప మొత్తం వంచాడు. నేను మెగ్గర్ తిప్పుతున్నాను. సూది కదల్లేదు. రెండో టెంకాయ కొట్టాడు. కదల్లేదు. ఢిల్లీబాబు ఊరుకోలేక బకెట్టు తెచ్చి గుమ్మరించాడు, నా చీర తడిసింది, సూది కదల్లేదు. మునిరత్నం నా పక్కన గొంతుక్కూర్చుని ఆ సూదినే చూస్తూ, "ఇప్పుడు దానికి వొంట్లో బాగుండాదన్నమాట" అన్నాడు. "బాగుండాదన్నా" అన్నాను.

మర్నాడు కరస్పాండెంట్ గారు గొడుగు కింద నిలబడి, బండి తిరిగినన్ని సార్లూ తల తిప్పి తిప్పి మెడ నొప్పి తెచ్చుకున్నారు. లారీ మాట్లాడుకోమన్నారు. బండిని తాను తప్ప వేరెవరూ సరిగా కట్టలేరని మునిరత్నం మాతో బయల్దేరాడు. రెడ్డెప్ప ఆవులను తమ్ముడికి అప్పజెప్పి వచ్చాడు.

పోటీలో రెయిన్ టెస్ట్ రోజు మా ముందున్న బండికి ఎర్ర దీపం వెలిగింది. ఆ పిల్లల మొహాలు చూసి, మా కనెక్టర్ మీది రేకు గొడుగును ఇంకోసారి నొక్కి చూశాను. తర్వాత సోమలింగం వంతు. ఇన్‌స్పెక్టర్ పైపు తెరిచాడు. ముక్కు మీద, చక్రాల మీద, సీటు వెనక, నీళ్ళు కొడుతూనే ఉన్నాడు. హేమావతి నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు గుచ్చుకుంది. మునిరత్నం ఒక్కడే నిబ్బరంగా ఉన్నాడు. "ఇవి ఉత్త నీళ్ళే కదా మా, దీనికేం గాదు" అన్నాడు.

దీపం వెలగలేదు. ఇన్‌స్పెక్టర్ పైపు కట్టేసి, వంగి మా డ్రిప్ లూప్‌ను చూశాడు. ఆయన మనవాడే, తెలుగులోనే అడిగాడు. "బాగా చేశారమ్మా. తొలిసారి వచ్చినవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీరు ఈ టెస్ట్ ముందే చేసుకున్నారా?"

"ప్రతి శుక్రవారం చేస్తాము సార్" అంది హేమావతి.

గెలిచారా అని అడుగుతారు అందరూ. గెలవలేదు. మాకన్నా వేగంగా పోయే బండ్లు చాలా ఉన్నాయి. కానీ ఆఖరి రోజు పెట్టే పొడుగాటి పరుగును సోమలింగం ఎక్కడా ఆగకుండా ముగించింది. హేమావతి ఒక్క కోన్ కూడా తాకలేదు. గీత దాటి వచ్చి హెల్మెట్ తీసేసరికి ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నోరు మాత్రం చెవుల దాకా సాగి ఉంది. రెడ్డెప్ప బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి కూతురితో, "పాలు తొణకలేదు లే మా" అన్నాడు. దానికి ఆ పిల్ల ఏడ్చేసింది.

ఆ బండి నాకు నేర్పింది ఒకటే. వస్తువును చేసేవాళ్ళం దాన్ని మనం అనుకున్నట్టే వాడుకుంటారని అనుకుంటాం. దాన్ని ఇష్టపడేవాళ్ళు వాళ్ళకు తెలిసినట్టు ఇష్టపడతారు. టెంకాయ కొడతారు, పసుపు పూస్తారు, ముద్దు చేస్తారు. ఆ ఇష్టానికి తట్టుకోలేని బండి వానకూ తట్టుకోదు. ఇప్పుడు ఏ కొత్త బ్యాచ్ వచ్చినా, నీళ్ళ సంగతి చివరి వారంలో చూద్దాం అంటే ఒప్పుకోను. చట్రం కాళ్ళ మీద నిలబడిన వారం నుంచే మునిరత్నానికి అప్పజెపుతాను.

పోయిన శుక్రవారం కొత్త బ్యాచ్ బండికి పూజ జరిగింది. ఆయన రెండు చిప్పలూ పోశాడు, నేను మెగ్గర్ తిప్పాను. కర్పూరం వెలిగించండన్నా అని పిల్లలు తొందరపెడుతుంటే, ఆయన అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని గీత అవతలే నిలబడ్డాడు.

"ఉండండప్పా, ఏమి తొందర? ముందు మేడం రీడింగ్ సెప్పనీ" అన్నాడు.